కదలని బండికీ ఆయిల్ మార్పా?

చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, వీసా చేతికొచ్చాక 108 తిరిగి మొక్కు తీర్చుకుని, ఆ వారమో పై వారమో విమానమెక్కిన పిల్లల బండ్లు మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల చుట్టుపక్కల చాలా ఇళ్లలో కనిపిస్తాయి. మెట్ల కిందో వరండా మూలనో పాత దుప్పటి కప్పుకుని ఉంటాయి. పోయేముందు కొడుకు తండ్రికి ఒక మాట చెప్పి పోతాడు: "నాన్నా, వారానికోసారి స్టార్ట్ చేస్తుండు, లేకుంటే పాడైతది." తండ్రి మాట తప్పడు. ఆదివారం పొద్దున చాయ్ తాగి, దుప్పటి తీసి, నాలుగు కిక్కులు కొట్టి, ఐదు నిమిషాలు ఇంజన్ మోగించి ఆపేస్తాడు.

ఏడాదికో రెండేళ్లకో ఆ బండి మెకానిక్ దగ్గరికి చేరుతుంది. అక్కడ నడిచే మాటలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇవే.

"ఎన్ని రోజులైంది సార్ నిలవెట్టి?"

"ఏడాదిన్నర దాటింది బిడ్డా."

"నడుమ ఆయిల్ మార్పిచ్చిండ్రా?"

"బండి గేటే దాటలేదు, ఆయిల్ ఎందుకు మారుస్తం? వారం వారం స్టార్ట్ మాత్రం చేసిన."

"గదే సార్, కొంప ముంచింది."

మెకానిక్ ఇంజన్ కింద ట్రే పెట్టి, 17 నంబర్ పానాతో డ్రెయిన్ బోల్టు వదులు చేస్తాడు. నల్లగా ధార కట్టాల్సిన నూనె పాలు కలిపిన చాయ్ రంగులో, ముద్దలు ముద్దలుగా జారుతుంది. నూనె పోసే మూత విప్పి చూస్తే దాని లోపలి వైపు పసుప్పచ్చని జిడ్డు అంటుకుని ఉంటుంది. గేజ్ తీసి వాసన చూస్తే పెట్రోలు. పెద్దాయనకు నమ్మబుద్ధి కాదు. మీటరు ఒక్క కిలోమీటరైనా తిరగలేదు, లోపలి నూనె ఎలా చెడింది?

అడగాల్సిన ప్రశ్నే. ఇంజన్లు చేసినవాళ్లకు దీని జవాబు ఒక్క రోజులో దొరకలేదు. బేరింగులు పోగొట్టుకుని, రింగులు పట్టేయించుకుని, ఒక్కో ముక్కా కూడబెట్టుకున్నారు.

నూనె పాతబడడమనే బాధే ఒకప్పుడు లేదు. పోసిన నూనె తిరిగి వస్తే కదా పాతబడేది! ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి మనవాళ్లు ఎడ్లబండి ఇరుసుకు పూసిన కందెన నాలుగూళ్లు తిరిగేసరికి కారి, దుమ్ములో కలిసిపోయేది. మళ్లీ కొత్తది పూయడమే. శంకర్‌పల్లి మీదుగా పోయే వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం 1874లో మొదలైంది. ఆ కాలపు ఆవిరి ఇంజన్ల సిలిండర్లకు పోసిన నూనె ఆవిరితోపాటే బయటికి పోయేది. అంతకు రెండేళ్ల ముందే, 1872లో, అమెరికా రైల్వేలో పనిచేసే ఎలిజా మెకాయ్ అనే నల్లజాతి ఇంజనీరు, బండి నడుస్తుండగానే నూనెను కొద్దికొద్దిగా అందించే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా బండి ఆపి, మనిషి దిగి పోయాల్సి వచ్చేది. ఏ విధంగా పోసినా నూనెది ఒకవైపు ప్రయాణమే. లోపలికి పోవడం, పని చేయడం, పోవడం.

ఆ రోజుల్లో నూనె తెచ్చిపెట్టే తంటా వేరు. జంతువుల కొవ్వు, మొక్కల నూనెలు ఆవిరి వేడికి జిగురు కట్టి వాల్వులను పట్టేసేవి. జాన్ ఎల్లిస్ అనే అమెరికన్ వైద్యుడు రాతినూనె మందుగా పనికొస్తుందేమోనని పరిశీలించాడు. మందుగా పెద్దగా పనికిరాలేదు గానీ, జిగురు పట్టిన వాల్వులను మాత్రం విడిపించింది. 1866లో ఆయన పెట్టిన వ్యాపారమే తర్వాత వాల్వోలిన్ అయింది. మనుషులకు పనికిరాని మందు యంత్రాలకు పనికొచ్చిందన్నమాట.

అయినా ఆముదం అంత తొందరగా రంగం వదల్లేదు. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో, ఆముదం కలిపిన ఇంజన్ నూనెకు కాస్ట్రాల్ అని పేరు పెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎగిరిన రోటరీ ఇంజన్ విమానాలకైతే అచ్చంగా ఆముదమే. అది పెట్రోలులో కరగదు కాబట్టి పలచబడదు. కాలీ కాలని ఆముదం పొగ పైలట్ల ముఖాన కొట్టేది. ఆముదం కడుపులోకి పోతే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆముదాల పంటకు పేరుపడ్డ హైదరాబాద్ సంస్థానంలో మాత్రం దాన్ని తలకు రాసుకోవడానికీ, దీపానికీ, బండి ఇరుసుకూ వాడుకుంటూ ఉన్నారు. ఇంజన్‌లో ఆముదానికి ఉన్న పెద్ద లోపం ఒకటే. వాడి వదిలేస్తే గాలికి గట్టిపడి వార్నిష్‌లా అంటుకుపోతుంది. నిలబెట్టిన ఇంజన్‌ను నూనే పాడుచేస్తుందన్న సంగతి ముందుగా ఆముదమే చూపించింది.

కారు ఇంజన్లలో నూనె ప్రయాణం మారింది. ఒకసారి పోసిన నూనె కింద చాంబర్‌లోకి దిగి, మళ్లీ పైకి ఎగసి, మళ్లీ దిగే పద్ధతి వచ్చింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ఆయిల్ పంపూ లేదు, ఫిల్టరూ లేదు, చివరికి గేజ్ కూడా లేదు. చాంబర్‌కు రెండు చిన్న కుళాయిలు ఉండేవి. పై కుళాయి తిప్పినా నూనె రాకపోతే కొంచెం పోయాలి. కింది కుళాయి నుంచీ రాకపోతే బండి కదపకూడదు. బండి కిందికి దూరి కుళాయి తిప్పడం ఎవరికి సరదా? అయినా లక్షలమంది అలాగే నడిపారు.

నూనె తిరిగి వస్తే దాంతోపాటు మసీ, ఇనుప రజనూ తిరిగొస్తాయి. ఆయిల్ మార్చడమనే పని పుట్టింది అందుకే. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ అనే ఇద్దరు ప్యూరొలేటర్ పేరుతో కార్లకు ఆయిల్ ఫిల్టర్ తెచ్చారు. మరుసటి ఏడాది వచ్చిన మొదటి క్రైస్లర్ కారుకు ఫిల్టర్ బిగించే ఇచ్చారు. ఇక నూనె మార్చే పని తప్పినట్టేనని సంబరపడ్డవాళ్లూ ఉండే ఉంటారు. ఫిల్టర్ మట్టిని పడుతుంది, రజనును పడుతుంది. నూనెలో కలిసిపోయిన నీళ్లూ, పెట్రోలూ, ఆమ్లమూ దాని చేతికి చిక్కవు. ఆగిన బండికి శత్రువులు సరిగ్గా ఆ మూడే.

ఆమ్లం సంగతి బయటపడింది 1930లలో. 1931లో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ట్రాక్టరు తెచ్చింది. కొద్ది గంటలు తిరగ్గానే పిస్టన్ రింగులు మసి, జిగురు పట్టి గాడిలో బిగుసుకుపోతున్నాయి. బాగా శుద్ధి చేసిన నూనె పోసినా అదే గతి. చివరికి స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా 1935లో డెలో అనే నూనె తెచ్చింది. అందులో లోహపు సబ్బు కలిపారు. అది మసిని గోడలకు అంటనివ్వదు. తర్వాత తర్వాత ఈ డిటర్జెంట్లకు క్షారగుణం కూడా జోడించారు, ఇంధనం కాలినప్పుడు పుట్టే ఆమ్లాన్ని నూనెలోనే విరిచేయడానికి.

అదే దశాబ్దంలో ఇంకో దెబ్బ తగిలింది. అంతదాకా బేరింగులు తగరం పాలు ఎక్కువున్న మెత్తని తెల్ల లోహంతో ఉండేవి. ఇంజన్ బలం పెరిగేకొద్దీ అవి ఆగక, రాగి–సీసం బేరింగులు వేశారు. బలంగానే ఉన్నాయి. విప్పి చూస్తే మాత్రం ఒంటి నిండా సన్నని గుంటలు. పాతబడిన నూనెలో పుట్టిన ఆమ్లం సీసాన్ని ఏరుకుని తింటోంది. దానికి విరుగుడుగా జింకు, గంధకం, ఫాస్ఫరస్ కలిసిన ఒక రసాయనం 1940ల మొదట్లో నూనెలోకి వచ్చింది. జెడ్‌డీడీపీ అంటారు. బేరింగులను కాపాడడానికి తెచ్చిన మందు, లోహం లోహాన్ని ఒరుసుకోకుండా ఆపడంలో ఇంకా గట్టిదని తర్వాత తేలింది. ఇప్పుడు మనం పోసే ప్రతి డబ్బాలోనూ దాదాపుగా అది ఉంటుంది.

ఈ మందులన్నీ ఖర్చయిపోయేవే. తిరిగిన ప్రతి కిలోమీటరుకూ కొంత క్షారం ఆమ్లంతో పోరాడి అయిపోతుంది. రెండువేల కిలోమీటర్లు తిరిగిన నూనెతో బండి ఆపేశారనుకోండి. ఆ రెండువేల కిలోమీటర్ల మసి, నీరు, ఆమ్లం ఆ నూనెలోనే ఉంటాయి. బండి ఆగింది గానీ ఆ ఆమ్లం పని ఆగలేదు. నిలబెట్టిన బండిలో నూనె చెడడానికి కారణం నిలబెట్టడం ఒక్కటే అనుకుంటాం. అసలు సరుకు అంతకుముందు తిరిగిన తిరుగుడు నుంచి వచ్చింది. నా మాట అడిగితే, ఆయిల్ మార్చాల్సిన రోజు బండి బయటికి తీసిన రోజు కంటే ముందుది. మూల నిలబెట్టబోయే రోజే మార్చాలి.

ఇక నీళ్లు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు పుడతాయంటే చాలామంది నవ్వుతారు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అయ్యేది నీరే మరి. చలికాలం పొద్దున సైలెన్సర్ నుంచి బొట్లు బొట్లుగా కారేది అదే. ఎక్కువ భాగం ఆవిరిగా పొగతో పోతుంది. కొంచెం మాత్రం రింగుల సందు నుంచి చాంబర్‌లోకి దూరుతుంది. ఇంజన్ బాగా కాగి, నూనె నీరు మరిగేటంత వేడికి చేరువైతే ఆ తడి ఆవిరై బయటికి పోతుంది. చేరకపోతే నూనెలోనే ఉండిపోతుంది.

పెద్దాయన ఆదివారం కిక్కు సంగతి ఇక్కడ తేలుతుంది. చల్లని ఇంజన్, చోక్ లాగి ఎక్కువ పెట్రోలు, ఐదు నిమిషాల మోత. నీరు పుడుతుంది, పోవడానికి వేడి లేదు. కాలని పెట్రోలు గోడల మీది నూనెను కడిగి కిందికి దిగుతుంది. వారం తర్వాత మళ్లీ అంతే. ఏడాదిన్నర పాటు ఇలా చేయడం కంటే, ఆయిల్ మార్చి ముట్టుకోకుండా వదిలేసిన బండి ఎన్నో రెట్లు నయం. బ్యాటరీకి కూడా ఆ ఐదు నిమిషాల్లో పెద్దగా ఒరిగేదేమీ లేదు. సెల్ఫ్ కొడితే ఖర్చయిందే తిరిగి రాకపోవచ్చు.

చాంబర్‌లోని ఆవిర్లను తోలేయడానికి ఒకప్పుడు కిందికి వేలాడే గొట్టం ఒకటే ఉండేది. బండి పరుగెత్తితేనే గాలి వాటాన అది లాగేది. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు నీళ్లలో దిగి దాటాల్సి వచ్చినప్పుడు ఆ గొట్టం పనికిరాక, ఆవిర్లను ఇంజనే తిరిగి పీల్చుకునే ఏర్పాటు చేశారు. 1961లో కాలిఫోర్నియాలో పొగమంచు బాధ తగ్గించడానికి కొత్త కార్లకు దాన్ని బిగించారు. ఊరి గాలి బాగుపడడానికని పెట్టింది నూనె ఆయుష్షును కూడా పెంచింది.

'ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది' అని సర్వీసు పుస్తకంలో కనిపించే మాటను కంపెనీ అమ్మకాల ఎత్తుగడ అనుకునేవాళ్లు ఎక్కువ. చిన్న విమానాల ఇంజన్లు చేసే లైకమింగ్ కంపెనీ, ఫిల్టర్ ఉన్న ఇంజన్‌కు 50 గంటలకు లేదా నాలుగు నెలలకు ఆయిల్ మార్చమంటుంది. ఆకాశంలో ఇంజన్ ఆగితే పక్కకు తీసి నిలబెట్టడానికి రోడ్డు ఉండదు కాబట్టి, అక్కడ నెలల లెక్కను ఎవరూ ఎగతాళి చేయరు.

ఎక్కువకాలం ఊరికే నిలబడి, అవసరమైన రోజు మాత్రం తప్పకుండా కదలాల్సిన బండ్లు సైన్యానివి. శంకర్‌పల్లికి ఉత్తరాన ఎద్దుమైలారంలో 1984లో పెట్టిన ఆయుధ కర్మాగారంలో సారథ్ అనే బీఎంపీ–2 యుద్ధ శకటాలు తయారవుతాయి. అలాంటి బండ్ల కోసమే తుప్పును ఆపే ప్రత్యేకమైన ఇంజన్ నూనెలు పుట్టాయి. అమెరికా సైన్యం దానికి మిల్–ఎల్–21260 అని ఒక ప్రమాణమే రాసుకుంది. పోసి నిలబెట్టొచ్చు, కావాలంటే అదే నూనెతో కొంతకాలం నడపనూ వచ్చు. మన మెట్ల కింది స్ప్లెండర్‌కు అంత హంగు అక్కర్లేదు.

స్ప్లెండర్ అన్నాం కాబట్టి ఇంకో ముక్క. మన ఊళ్లలో ఆయిల్ మార్చడం బాగా పాతకాలపు అలవాటేమీ కాదు. చేతక్, అల్విన్ పుష్పక్ వంటి స్కూటర్లు టూ స్ట్రోక్‌వి. పెట్రోలులోనే నూనె కలిపి పోస్తే అది కాలి పోయేది. గేర్లకు ఉన్న కొంచెం నూనె గుర్తొచ్చినప్పుడు మార్చేవారు. కందెన కాలం లాగే అదీ ఒకవైపు ప్రయాణమే. 1985లో హీరో హోండా సీడీ–100, ఆ తర్వాత స్ప్లెండర్ వచ్చి ఇంటింటికీ ఫోర్ స్ట్రోక్ చేరాకే డ్రెయిన్ బోల్టు అందరికీ పరిచయమైంది. లీటరు కూడా పట్టని ఆ నూనె ఇంజన్‌కూ గేర్లకూ క్లచ్‌కూ ఒక్కటే. కారు నూనె మిగిలింది కదా అని బైకులో పోస్తే క్లచ్ జారుతుంది. ఆ గొడవ తీర్చడానికే జపాన్ వాళ్లు 1998లో జాసో అనే ప్రమాణం తెచ్చారు. బైకు నూనె డబ్బా మీద 'జాసో ఎంఏ' లేదా 'ఎంఏ–2' అని ఉందో లేదో చూసి కొనండి.

ఆగిన బండి పాఠం తెలంగాణ మొత్తానికి ఒకేసారి అందింది 2020లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో. మార్చి 22న ఆగిన ఆర్టీసీ బస్సుల్లో జిల్లాలవి మే 19న కదిలాయి. హైదరాబాద్ సిటీ బస్సులు సెప్టెంబర్ 25 దాకా రోడ్డెక్కలేదు. బస్సులకు డిపోలూ మెకానిక్కులూ ఉన్నారు. ఇళ్ల ముందు ఆగిపోయిన బండ్లకు ఎవరున్నారు? ఆ ఏప్రిల్ 1 నుంచే బీఎస్–6 ఇంధనం వచ్చి, పెట్రోలులో, డీజిలులో గంధకం పది లక్షల పాళ్లలో 50 నుంచి 10కి తగ్గింది. గంధకం తగ్గితే ఆమ్లమూ తగ్గుతుంది. నీటికి మాత్రం ఏ ప్రమాణమూ లేదు. పైగా ఇప్పటి పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్‌కు గాలిలోని తడిని పీల్చే గుణం ఉంది. నెలల తరబడి ట్యాంకులో నిలవుంటే ఆ బాధ వేరు.

ఇక ఆ దుప్పటి కింది బండిని ఏం చేయాలి? ముందు తాళం తిప్పబుద్ధయినా తిప్పొద్దు. ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి చూడండి. ఫామ్‌హౌసుల్లో నిలబెట్టిన బండ్లలో ఎలుకలు గూడు పెట్టేది అక్కడే. గేజ్ తీసి నూనె రంగు, వాసన చూడండి. ఎత్తు ఉండాల్సిన దానికంటే పెరిగిందంటే పెట్రోలో నీళ్లో దిగాయన్నమాట. ఇంజన్ వేడి చేసి నూనె తీస్తే తేలిగ్గా జారుతుందన్నది రోజూ తిరిగే బండికి సరైన మాటే. ఏడాది దాటి నిలబడ్డదానికి నేను ఒప్పుకోను. అడుగున చేరిన నీటినీ మడ్డినీ మళ్లీ చిలికి బేరింగులకు పంపడం దేనికి? చల్లగా ఉండగానే బోల్టు తీసి, బండిని నిటారుగా నిలబెట్టి, ఓపిగ్గా కారనివ్వండి. బోల్టు వాషర్ కొత్తది వేయండి.

తక్కువ ధర నూనె ఒకటి నింపండి. ప్లగ్గు విప్పి ఆ కంతలో చెంచాడు నూనె పోసి, కాసేపు ఆగి, ప్లగ్గు లేకుండానే చేత్తో కిక్కును మెల్లగా పదిసార్లు నొక్కండి. ఎండిపోయిన సిలిండర్ గోడ తడుస్తుంది, పంపు నూనెను హెడ్ దాకా ఎక్కిస్తుంది. కిక్కు అడ్డం తిరిగి పట్టేస్తే బలం చూపొద్దు, అది ఇక మెకానిక్ పని. తేలిగ్గా తిరిగితే ట్యాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది పోసి, ప్లగ్గు బిగించి స్టార్ట్ చేయండి. బ్రేకులు, టైర్లు చూసుకుని, మర్రిచెట్ల నీడన చేవెళ్ల దాకా పోయి రండి. ఇంజన్ పూర్తిగా కాగాలి. తిరిగి రాగానే వేడి మీదే ఆ నూనెనూ దింపి, అసలు నూనె పోయండి. కారైతే ఫిల్టర్ కూడా. రెండుసార్లు నూనె దండగ అనిపించొచ్చు. బేరింగుల ఖర్చు అడిగి చూడండి, అనిపించదు.

అమెరికా ప్రయాణం ఇంకా పెట్టుకోని పిల్లలుంటే వాళ్లకు పని తేలిక. బయల్దేరే వారంలో బండిని బాగా తిప్పి, వేడి మీద ఆయిల్ మార్చి, కొత్త నూనె అన్నిచోట్లకీ చేరేలా ఇంకో చుట్టు తిప్పి, ఇనుప ట్యాంకు నిండా పెట్రోలు పోసి, పెట్రోల్ కాక్ కట్టేసి, బ్యాటరీ వైరు విప్పి పెట్టాలి. నాన్నకు ఆదివారం కిక్కు అప్పజెప్పొద్దు. ఆయనకు బండి నడపడం సరదా అయితే నెలకోసారి శంకర్‌పల్లి నుంచి చిలుకూరు దాకా పోయి దండం పెట్టుకుని రమ్మనండి, అది బండికీ మంచిదే.

తీసిన నూనె సంగతి మిగిలింది. ఇళ్ల పనులు జోరుగా సాగే ఈ మండలాల్లో పాత ఆయిల్‌కు గిరాకీ ఉంది. స్లాబు పోసేముందు సెంట్రింగ్ షీట్లకు కాంక్రీటు అంటకుండా దాన్నే పూస్తారు. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థం కింద లెక్కగడుతుంది. నూనె అమ్మిన కంపెనీలే వాడిన నూనెను తిరిగి శుద్ధికి పంపే బాధ్యత తీసుకోవాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇంటి వెనక కాలువలో పారబోస్తే మాత్రం, ఇక్కడి వాగుల నీళ్లు చేరేది మూసీ, ఈసీ నదుల్లోకి, అక్కడి నుంచి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు. ఆ చెరువులను కాపాడడానికే 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాలకు కట్టుబాట్లు పెట్టారు. ఇంట్లో మార్చినా సరే, తీసిన నూనెను మూత గట్టిగా ఉన్న క్యానులో పోసి, పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న సర్వీసు సెంటర్లో అప్పజెప్పి రండి. డబ్బులిస్తామన్నా సెంట్రింగ్ మేస్త్రీకి వద్దు.